బండి కింద దూరకుండా షాఫ్టు కలిపే విధానం

ఇంజను దొరికిందా? అయితే పని అయిపోయినట్టే. తాతగారి అంబాసిడర్‌లోంచి పాత 1489 సీసీ ఇంజను దించేసి, ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజనూ దాని వెనకే వచ్చే ఐదు గేర్ల బాక్సూ ఎక్కించాలని కలలు కంటున్నవాళ్ళకి నా మొదటి సలహా ఇదే. డబ్బంతా ఇంజను మీద పెట్టండి. ఫొటోలన్నీ దానివే తీయండి. వాల్వు కవరుకి మంచి రంగు కొట్టించండి. గేర్‌బాక్సుకీ వెనక హౌసింగ్‌కీ మధ్య షాఫ్టు అనే ఒక పైపు ఉంటుంది, దాని సంగతి ఆఖరి రోజు సాయంత్రం చూసుకోవచ్చు. రెండు చివర్లా బోల్టులే కదా!

ధైర్యం చాలకపోతే చరిత్ర చూడండి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులోంచి వచ్చి, ఉత్తరపారాలో 2014 దాకా తయారైన బండి ఇది. 1990ల మొదట్లో కంపెనీయే ఇసుజు ఇంజను పెట్టి 1800 పేరుతో అమ్మింది. కంపెనీ పెట్టినప్పుడు మనం పెట్టలేమా? ఇంజనుతోపాటు కంపెనీ ఇంకేమేం మార్చిందన్న ప్రశ్న మాత్రం వేయకండి. ఆ ప్రశ్నకి జవాబు ఉంది, అదే చిక్కు.

పళ్ళ లెక్క మనకెందుకు

వెనక హౌసింగ్ మూత తీస్తే క్రౌనూ పినియనూ కనిపిస్తాయి. పినియన్‌కి 9 పళ్ళు, క్రౌన్‌కి 41 పళ్ళు ఉంటే షాఫ్టు 4.55 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 10కి 43 అయితే 4.3. 11కి 43 అయితే 3.9. ఇవన్నీ మోరిస్ మాతృసంస్థ బీఎంసీ వాళ్ళ బండ్లలో నిజంగా వచ్చిన జతలే. ఎంజీఏ కారులో 4.3 ఉండేది, ఎంజీబీలో 3.9. పాత సామాన్ల కొట్లో నూనె మరకలతో పడున్న హౌసింగులు చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి, లోపల కూడా ఒకేలా ఉంటాయని నమ్మండి. ఏది తక్కువకొస్తే అది కొనండి.

లెక్కపెట్టి తీరాలని ఎవరైనా పట్టుబడితే, వెనక ఒక్క చక్రమే జాకీతో లేపండి. రెండో చక్రాన్ని నేల మీదే ఉంచండి. లేచిన చక్రాన్ని సరిగ్గా ఒక చుట్టు తిప్పి, షాఫ్టు ఎంత తిరిగిందో చూడండి. రెండుంపావు చుట్లు వస్తుంది. ‘అబ్బ, 2.28 గేరు! హైవే మీద గాల్లో తేలిపోతుంది’ అని మురిసిపోండి. ఒక చక్రం ఆగి ఉన్నప్పుడు రెండోది రెట్టింపు తిరగడమే డిఫరెన్షియల్ చేసే పని అనీ, మీరు చూసినది అసలు అంకెలో సగమేననీ చెప్పే మేస్త్రీ పక్కనుంటే, ముందే టీ తాగి రమ్మని పంపేయండి. రెండు చక్రాలూ నేల వదిలేలా లేపి, రెండూ సమంగా ఒక చుట్టు తిరిగేదాకా షాఫ్టు చుట్లు లెక్కపెట్టడం ఆయన పద్ధతి. అందులో ఆశ్చర్యానికి చోటుండదు.

ఐదో గేరు ఉంది కాబట్టి ఇక అంతా నెమ్మదిగా తిరుగుతుందని కూడా నమ్మండి. ఈ నమ్మకం చాలామందికి ఉంది, మీరు ఒంటరి కాదు. అంబాసిడర్ చక్రం ఒక చుట్టుకి సుమారు రెండు మీటర్లు నడుస్తుంది. 4.55 హౌసింగ్‌తో 80 కిలోమీటర్ల వేగంలో షాఫ్టు నిమిషానికి దాదాపు 3000 చుట్లు తిరుగుతుంది. మీరు నాలుగో గేరులో ఉన్నా ఐదులో ఉన్నా అంతే. షాఫ్టుకి గేరుతో పనిలేదు. చక్రం వేగమూ క్రౌను పళ్ళూ రెండే దాన్ని నడిపేవి. ఐదో గేరు వేస్తే ఇంజను ఊపిరి పీల్చుకుంటుంది. ఆ నిశ్శబ్దం చూసి మీరు 110కి పోతారు. అక్కడ షాఫ్టు 4000 దాటి తిరుగుతుంది. పాత ఇంజనుతో ఆ వేగం ఎప్పుడూ చూడని షాఫ్టు అది. కానీ మీ కంటికి కనిపించేది డాష్‌బోర్డు మీది ముల్లే కాబట్టి బాధ లేదు.

ఆ ముల్లు సంగతి కూడా. 4.55 తీసి 3.9 వేశారనుకోండి, స్పీడోమీటరు కేబులు గేర్‌బాక్సు తోక నుంచే వస్తుంది గనక అది పాత లెక్కే చెబుతుంది. ముల్లు 60 చూపిస్తుంటే బండి 70లో ఉంటుంది. పోలీసు ఆపితే ముల్లు చూపించండి.

పొడవు కొలిచే సులువు

కొలతకి అనువైన సమయం బండి జాకీల మీద ఉన్నప్పుడే. కింద దూరడానికి చోటుంటుంది, చక్రాలు అడ్డురావు. వెనక హౌసింగ్ కమాను కట్టల నుంచి కిందికి వేలాడుతూ ఉంటే ఇంకా మంచిది. టేపు పట్టుకుని గేర్‌బాక్సు చివర నుంచి పినియన్ ఫ్లాంజి దాకా కొలవండి. వచ్చిన అంకె తెల్లకాగితం మీద రాసుకోకుండా లేత్ షాపుకి ఫోన్‌లో చెప్పండి.

ఇలా కొలిచిన షాఫ్టు జాకీల మీద ఉన్నంతసేపూ అద్దినట్టు సరిపోతుంది. బండి చక్రాల మీదికి దిగాక హౌసింగ్ పైకొస్తుంది. వెనక సీట్లో ముగ్గురూ డిక్కీలో రెండు బియ్యం బస్తాలూ ఎక్కాక ఇంకా పైకొస్తుంది. అప్పుడు ముందు చివర్లోని స్లిప్ యోకు గేర్‌బాక్సులోకి పూర్తిగా దిగబడి, అడుగు తగిలి ఆగిపోతుంది. తర్వాత వచ్చే గతుకు దెబ్బంతా ఒకవైపు గేర్‌బాక్సు బేరింగు మీదా రెండో వైపు పినియన్ బేరింగు మీదా పడుతుంది. గేర్‌బాక్సు బేరింగు పాడైతే గేర్‌బాక్సు అమ్మినవాణ్ణి తిట్టొచ్చు. తిట్టడానికి మనిషి దొరకడం చిన్న విషయం కాదు.

చాదస్తులు ఏం చేస్తారంటే, బండి బరువు మొత్తం చక్రాల మీద ఉంచి, యోకుని అడుగుదాకా తోసి, అక్కడి నుంచి 20 నుంచి 25 మిల్లీమీటర్లు వెనక్కి లాగి అప్పుడు కొలుస్తారు. పైకీ కిందికీ కదలడానికి చోటు మిగల్చడమట. దానికోసం బండి కింద గుంట కావాలి, లేదా లిఫ్టు కావాలి, లేదా నేల మీద పాకాలి. చొక్కా పాడవుతుంది.

ఎదురు తప్పు కూడా అందుబాటులోనే ఉంది. పాత నాలుగు గేర్ల బాక్సుకి సరిపోయిన షాఫ్టుని కోయకుండా, అతక్కుండా కొత్త బాక్సుకి వాడాలంటే బాక్సు పొడవు ఒప్పుకోదు. అప్పుడు ఇంజనునే ముందుకో వెనక్కో జరిపి సర్దండి. షాఫ్టు పొట్టిదైతే యోకు స్ప్లైన్లు కొద్దిగానే లోపల పట్టుకుంటాయి. అది ఊగుతుంది, ఊగితే తోక దగ్గరి ఆయిల్ సీలు నోరు తెరుస్తుంది. గేరాయిలు మరక రోడ్డు మీద పడుతుంది. పాత కారన్నాక నూనె కారడం దాని హక్కు అనేయండి, ఎవరూ మారుమాట్లాడరు.

పైపు ఎక్కడైనా పైపే

హార్డ్‌వేర్ కొట్లో ఒకటిన్నర అంగుళం జీఐ పైపు దొరుకుతుంది. గట్టిగా ఉంటుంది, తుప్పు పట్టదు, బోరు మోటారుకి వాడగా మిగిలింది ఇంట్లోనే ఉండొచ్చు. ప్రొపెల్లర్ షాఫ్టు ట్యూబు కోసం ఆటోనగర్లో తిరగడం దండగ. ఆ ట్యూబు గోడ మందం అంతటా ఒకేలా ఉంటుందనీ, చుట్టుకొలత నిజంగా గుండ్రమనీ చెబుతారు. నీళ్ళ పైపుకి ఆ గుణాలు అక్కర్లేదు, నీళ్ళు నిమిషానికి 3000 చుట్లు తిరగవు కదా.

ఒక చిన్న లెక్క చూపిస్తాను, చూసి మరిచిపోండి. సన్నగా పొడుగ్గా ఉన్న ఏ కడ్డీ అయినా ఒక వేగం దగ్గర తనంతట తానే వంగి గిలకలా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ వేగం పైపు లావు పెరిగేకొద్దీ పెరుగుతుంది. పొడవు పెరిగేకొద్దీ మాత్రం మరీ వేగంగా తగ్గుతుంది, పొడవు రెట్టింపైతే ఆ హద్దు నాలుగో వంతుకి పడిపోతుంది. ఒకటిన్నర అంగుళం నీళ్ళ పైపు బయటి కొలత 48 మిల్లీమీటర్లు. దాన్ని ఒకటిన్నర మీటర్ల షాఫ్టుగా చేస్తే ఆ హద్దు నిమిషానికి సుమారు 3400 చుట్లు. 4.55 హౌసింగ్‌తో అది 90 కిలోమీటర్ల వేగం. అదీ పైపు నిక్కచ్చిగా తిన్నగా, సమంగా ఉంటే. మామూలుగా ఆ హద్దుకి మూడింట రెండు వంతులు దాటకుండా వాడతారు, అంటే 60 కిలోమీటర్లు. 75 మిల్లీమీటర్ల లావూ రెండు మిల్లీమీటర్ల గోడా ఉన్న ట్యూబుకి అదే పొడవులో హద్దు 5500 దాకా వెళుతుంది. గోడ మందం పెంచితే బలమొస్తుందని అనుకుంటాం గానీ ఇక్కడ పనిచేసేది లావు. ఈ ఒక్క మాట చాలామంది మంచి మేస్త్రీలకి కూడా చెప్పి చూడండి, నమ్మరు.

జీఐ పైపుని వెల్డింగ్ చేసేటప్పుడు తెల్లటి పొగ లేస్తుంది. అది జింకు పొగ. పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం వస్తుంది. వెల్డరు మర్నాడు పనికి రాకపోతే సోమరి అనుకోండి.

చెవుల సంగతి

ఇది అసలు కళ. నిదానంగా చదవండి, చదివి తిరగేసి చేయండి.

షాఫ్టు రెండు చివర్లా యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి, మన షెడ్లలో క్రాసులంటారు. ఒక్కో క్రాసుకి నాలుగు కప్పులు, కప్పుల్లో సూదుల్లాంటి రోలర్లు. 16వ శతాబ్దపు ఇటలీ గణితవేత్త కార్డానో పేరుతో కొందరూ, ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుతో కొందరూ దీన్ని పిలుస్తారు. 1903లో క్లారెన్స్ స్పైసర్ అమెరికాలో కార్ల కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇంతమంది బుర్రలు పెట్టినా దీనికొక చపల బుద్ధి పోలేదు. ఒక కోణంలో వంగి తిరిగేటప్పుడు, ఇటువైపు సమంగా తిప్పినా అటువైపు సమంగా తిరగదు. ఒక్క చుట్టులోనే రెండుసార్లు ముందుకురికి రెండుసార్లు వెనకబడుతుంది. 3 డిగ్రీల కోణంలో ఆ తేడా వెయ్యికి ఒకటిన్నర వంతు కూడా ఉండదు. 10 డిగ్రీల్లో నూటికి ఒకటిన్నర. 20లో నూటికి ఆరు. కోణం రెట్టింపైతే తేడా నాలుగింతలు.

అందుకే రెండో చివర ఇంకో క్రాసు పెట్టారు. మొదటిది చేసిన తప్పుని రెండోది వెనక్కి తిప్పి కొట్టేస్తుంది. దానికి రెండు షరతులు. షాఫ్టు మీద అటూ ఇటూ ఉన్న యోకుల చెవులు ఒకే వరసలో ఉండాలి. రెండు జాయింట్ల కోణాలూ సమంగా, ఒక డిగ్రీకి మించి తేడా లేకుండా ఉండాలి. ఈ రెండూ మీ చేతుల్లో ఉన్నాయి కాబట్టి రెండింటినీ చెడగొట్టగలరు.

చెవులతో మొదలుపెట్టండి. లేత్ షాపులో పైపు కోసి పొట్టి చేశాక, రెండో యోకుని ఎలా పడితే అలా పెట్టి టాకా వేయించండి. నాలుగు దిక్కుల్లో ఏ దిక్కైనా దిక్కే. 90 డిగ్రీలు తిరిగి కూర్చుంటే అదృష్టం మీ వైపున్నట్టు. అప్పుడు ఒకదాని తప్పుని రెండోది కొట్టేయకపోగా దానికి తనది కలుపుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకి వందసార్లు పినియన్ ముందుకీ వెనక్కీ జెర్కులు తింటుంది. వెనక సీట్లో కూర్చున్న అత్తగారికి కాళ్ళ కింద తేనెటీగల పట్టు ఉన్నట్టుంటుంది. కోయకముందే పైపు పొడవునా సుద్దతో ఒక గీత గీసి, అతికేటప్పుడు ఆ గీత కలిసేలా చూసుకుంటే చాలునని ఎవరైనా అంటే, సుద్ద లేదని చెప్పండి.

కోణాల దగ్గరికి రండి. ఇసుజు ఇంజను సంపు కింద అడ్డొచ్చిందా? ఇంజను ముందు భాగం పైకెత్తి కింద రెండు రబ్బరు ముక్కలు వేయండి. గేర్‌బాక్సు తోక దానంతట అదే కిందికి వాలుతుంది. వెనక పినియన్ మూతి పాత కోణంలోనే ఉంటుంది. వెరసి ముందు జాయింటు 2 డిగ్రీల్లో, వెనకది 6 డిగ్రీల్లో పనిచేస్తాయి. బండి నడుస్తుంది. ఆ మాటకొస్తే ఆరు నెలలు నడుస్తుంది. రెండు వైపులా కోణం కొలవడానికి మీ ఫోనే చాలు, కోణం చూపించే యాప్ ఉంటుంది. ఆ ఫోను మాత్రం ఇంజను ఫొటోలకి వాడండి.

పినియన్ మూతిని సర్దడానికి కమాను కట్టకీ హౌసింగ్‌కీ మధ్య వాలు బిళ్ళలు వేస్తారు. అంబాసిడర్‌లాంటి కమాన్ల బండిలో గట్టిగా ఎక్సలేటరు తొక్కినప్పుడు హౌసింగ్ మెలి తిరిగి మూతి పైకి లేస్తుంది గనక, నిలబడి ఉన్నప్పుడు దాన్ని ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచడం ఆనవాయితీ. మీరు పైకి ఉంచండి. ఎలాగూ పైకే లేస్తుంది కదా, ముందే లేపి ఉంచితే దానికి శ్రమ తప్పుతుంది.

ఇంకొందరు మరీ తెలివిగా రెండు కోణాలూ సున్నా చేస్తారు. కోణమే లేకపోతే తేడాయే ఉండదు కదా! నిజమే. క్రాసులో సూదులు కూడా కదలవు. ఒకే చోట నిలబడి దెబ్బలు తిని కప్పు గోడ మీద గుంటలు పెడతాయి. అర డిగ్రీ, ఒక డిగ్రీ వంపైనా ఉంటేనే అవి దొర్లి గ్రీజు రాసుకుంటాయి. సున్నా మీద మోజున్నవాళ్ళకి కొత్త క్రాసుల సెట్టు ఎప్పుడూ డిక్కీలో ఉండాలి.

ఫ్లాంజి రంధ్రాలు

గేర్‌బాక్సు వైపు ఇసుజు యోకు, హౌసింగ్ వైపు పాత అంబాసిడర్ ఫ్లాంజి. రెండింటి క్రాసుల కొలతలు కలవవు, బోల్టు రంధ్రాలు కలవవు. ఇక్కడ గుండ్రటి ఫైలు తీసుకోండి. రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి సాగదీస్తే ఎంత పెద్ద తేడా అయినా సర్దుకుంటుంది.

ఫ్లాంజి మధ్యలో ఒక చిన్న గట్టు ఉంటుంది, ఎదుటి ఫ్లాంజిలోని గుంటలో బిగుతుగా కూర్చుంటుంది. షాఫ్టు నడిమధ్యకి రావడం ఆ గట్టు వల్లే. బోల్టులు వట్టి బిగింపు కోసమే. మీరు ఆ గట్టుని గ్రైండరుతో తీసేయండి, అడ్డొస్తోంది. ఇక షాఫ్టు ఎక్కడ కూర్చోవాలో బోల్టులూ కోడిగుడ్డు రంధ్రాలూ కలిసి తీర్మానించుకుంటాయి. అర మిల్లీమీటరు పక్కకి జరిగి కూర్చుందనుకోండి. ఎనిమిది కిలోల షాఫ్టులో సగం బరువు వెనక చివర మీద ఉంటుంది. 3000 చుట్ల దగ్గర ఆ అర మిల్లీమీటరు వల్ల పుట్టే తోపు దాదాపు 20 కిలోల బరువంత, అది చుట్టుకోసారి దిక్కు మార్చుకుంటూ తిరుగుతుంది. 4000 చుట్ల దగ్గర 35 కిలోలు దాటుతుంది. ఒక చిన్న పిల్లవాడిని హౌసింగ్‌కి కట్టి నిమిషానికి నాలుగు వేలసార్లు ఊపుతున్నారన్నమాట. అర మిల్లీమీటరుకి ఇంత గౌరవం ఇంకెక్కడా దొరకదు.

బోల్టుల విషయంలో 8.8 అని తల మీద ముద్ర ఉన్న హైటెన్షన్ బోల్టులు అడక్కండి. కిటికీ గ్రిల్లుకి వేసేవి చవక. లాక్ నట్టు కూడా వద్దు, తర్వాత విప్పడం కష్టమవుతుంది. అవి వాటంతట అవే విడిపోయే ఏర్పాటు ఉంటే మీ పని ఇంకా తేలిక.

బ్యాలెన్సింగ్ ఖర్చు

షాఫ్టుని మిషన్ మీద తిప్పి, ఎక్కడ బరువు తక్కువో చూసి, అక్కడ చిన్న రేకు ముక్క అతికిస్తారు. లారీల షాఫ్టులు చేసే చోట ఈ పని అవుతుంది. వద్దు. పాత షాఫ్టు మీద అలా అతికి ఉన్న రేకు ముక్కలు కనిపిస్తే ఎవరో నిర్లక్ష్యంగా వదిలేసిన వెల్డింగ్ తుక్కు అనుకుని గ్రైండ్ చేసేయండి. నున్నగా వచ్చాక నల్ల పెయింటు కొడితే కళ్ళు చెదిరిపోతాయి.

పినియన్ నట్టు

ఫ్లాంజి మార్చాలంటే పినియన్ నట్టు విప్పాలి. నాలుగడుగుల పైపు తొడిగి, పానా మీద నిలబడి విప్పండి. తర్వాత అలాగే నిలబడి బిగించండి. ఆ నట్టు బిగింపు మీదే పినియన్ బేరింగుల మీద పడే ఒత్తిడి ఆధారపడి ఉంటుందనీ, కొన్ని హౌసింగుల్లో దాని వెనక నలిగిపోయే స్పేసరు ఉంటుందనీ, ఎక్కువ బిగిస్తే స్పేసరు ఇంకా నలిగి బేరింగు కాలుతుందనీ, తక్కువ బిగిస్తే పినియన్ వెనకా ముందూ ఆడి పళ్ళు తింటుందనీ మాన్యువల్లో రాసుంటుంది. విప్పకముందు నట్టుకీ పినియన్‌కీ ఫ్లాంజికీ కలిపి ఒక పంచ్ గుర్తు పెట్టుకోమంటారు. మాన్యువలు ఎక్కడో అటక మీద ఉంది.

క్రౌనూ పినియనూ ఒకదానితో ఒకటి అరగదీసి జతగా పంపుతారు. చాలా జతల్లో రెండింటి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది. మీరు ఒక హౌసింగ్‌లోంచి క్రౌనూ ఇంకోదాంట్లోంచి పినియనూ తెచ్చి కలపండి. నంబర్లు కలవకపోతే ఏమీ కాదు, ఇది లాటరీ కాదుగా. పళ్ళకి రంగు పూసి ఎక్కడ తాకుతున్నాయో చూడటం, వాటి మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతుల్లో సర్దడం లాంటివి గడియారాలు బాగుచేసేవాళ్ళ పనులు. కొన్నాళ్ళకి 60 దాటాక ‘ఊఁ…’ అని పాట మొదలవుతుంది. ఎక్సలేటరు తొక్కితే ఒక శ్రుతి, వదిలితే ఇంకో శ్రుతి. రేడియో సౌండు పెంచండి.

నూనె కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఈ పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, జారుతూ రాసుకుంటాయి. అందుకని వీటికి విపరీతమైన ఒత్తిడి తట్టుకునే 90 గ్రేడు హైపాయిడ్ గేరాయిలు కావాలి. మీరు ఇంజనులోంచి తీసిన నల్ల నూనె పోయండి. పోస్తే నూనే.

టార్కు గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. కొత్త ఇంజను 135 న్యూటన్ మీటర్లిస్తోందనుకుందాం, మొదటి గేరు 3.6 అనుకుందాం. షాఫ్టు మోయాల్సింది 486. హౌసింగ్ దాటాక యాక్సిళ్ళు మోయాల్సింది 2200 పైమాటే. పాత క్రాసులు, పాత యాక్సిళ్ళు ఏ ఇంజను కోసం చేశారో ఆలోచించకుండా క్లచ్ ఒక్కసారి వదిలి చూడండి. ‘టంగ్’ అని వినిపిస్తే బండి మీకు నమస్కారం పెట్టినట్టు.

షాఫ్టు కింద ముందు జాయింటు దగ్గర ఒక ఇనుప రింగు బిగిస్తారు కొందరు. ముందు క్రాసు విరిగితే షాఫ్టు ముందు చివర రోడ్డులో గుచ్చుకుని బండిని వెనక నుంచి లేపకుండా ఆ రింగు పట్టుకుంటుంది. డ్రాగ్ రేసు వాళ్ళకి ఇది నిబంధన. మీరు రేసుకి వెళ్ళడం లేదు, హైవే మీద 110లో పోతున్నారు. అవసరం లేదు.

ట్రయల్

మొదటి ట్రయల్‌కి ఊళ్ళోనే తిరగండి. 40లో ఏ షాఫ్టయినా మర్యాదగానే ఉంటుంది. 65 దగ్గర నేల వణికితే టైర్లు బ్యాలెన్సు చేయించండి. తగ్గకపోతే అలైన్‌మెంటు. అదీ కాకపోతే ఇంజను మౌంటింగు రబ్బర్లు, తర్వాత షాక్ అబ్సార్బర్లు, తర్వాత రోడ్డు కాంట్రాక్టరు. ఈ వరసలో వెళితే షాఫ్టు దగ్గరికి వచ్చేలోపు ఒక వేసవి గడిచిపోతుంది.

ఒక పరీక్ష మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఖాళీ రోడ్డు మీద వణుకు వచ్చే వేగానికి వెళ్ళి, క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, ఇంజను ఐడిలుకి వచ్చాక కూడా వణుకు ఉందా లేదా అని చూడటం. ఉంటే ఇంజనుది తప్పు కాదని తేలిపోతుంది. ఆ వేగంలో ఇంకా తిరుగుతున్నవి షాఫ్టూ హౌసింగూ చక్రాలే కాబట్టి అనుమానం వాటికే పరిమితమైపోతుంది. అన్ని దోషాలూ మోపిన ఇంజను అమాయకంగా బయటపడుతుంది. ఆ తర్వాత మీరు ఎవరితోనూ వాదించలేరు.

కాగితాలు

1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించే. ఆర్సీ బుక్కులో ఉన్న వివరాలకీ బండికీ పొంతన లేకపోతే కుదరదు. ఇంజను మారిస్తే రవాణా శాఖ ముందస్తు అనుమతీ ఆర్సీలో నమోదూ కావాలి. మీరు పాత ఇంజను నంబరున్న రేకు ముక్కని కోసి జేబులో పెట్టుకోండి, అడిగితే చూపించొచ్చు. అలా చూపించినవాళ్ళు స్టేషన్లో ఎక్కువసేపు ఉండాల్సి వస్తే పుస్తకం ఒకటి తీసుకెళ్ళడం మంచిది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే.

తాతగారి బండి 50 ఏళ్ళు దాటితే వింటేజి నంబరు తీసుకోవాలన్న కోరిక చాలామందికి ఉంటుంది, నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలతో. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ గౌరవం అసలు రూపంలో ఉన్న బండికే. ఇంజను మార్చిన రోజే ఆ దారి మూసుకుంది. అయినా దరఖాస్తులో ‘అసలు రూపం’ అన్నచోట టిక్కు పెట్టి పంపండి. ఐదో గేరు గురించి రాయడానికి ఫారంలో చోటుండదు.

చివరికి అమ్మేటప్పుడు

ఇంత చేశాక బండి మీ దగ్గర ఉండకపోవచ్చు. ప్రకటనలో ఇంజను ఫొటోలు ఎనిమిది పెట్టండి, కింద నుంచి తీసినవి ఒక్కటీ వద్దు. ‘ఇసుజు ఇంజను, ఐదు గేర్లు, ఏసీ పెట్టుకోవడానికి చోటుంది’ అని రాయండి. కొనడానికి వచ్చినవాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టి ఊళ్ళోనే 40 దాటకుండా తిప్పండి. రేడియో ఉంటే పెట్టండి. బైపాస్ ఎక్కుదాం అంటే టోలు గేటు దగ్గర రద్దీ అని చెప్పండి. జేబులోంచి సుద్దముక్కా టార్చిలైటూ తీసి, ఒకసారి కింద దూరి షాఫ్టు చెవులు చూస్తానన్నాడంటే మాత్రం బేరం అక్కడితో ఆపేయండి. ఆ మనిషి ఇంతకుముందే ఒక అంబాసిడర్ మార్చి ఉంటాడు.